గురజాడవారి పద్యములు, నాటకములు

నేను ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచిన విషయము గురజాడ అప్పారావుగారి కావ్యనాటక సంపుటము. "అప్పారావుగారిని గూర్చి క్రొత్తగా చెప్పుట కేమున్నది? కన్యాశుల్కము పేరు వినని తెలుగువాడు కలడా?" అని మీలో కొందఱనుకొనవచ్చును. పేరు వినుట వేఱు, చదువుట వేఱు. చదివినవారిలో సహితము పెక్కురు నాటకమును చదివి నవ్విరి. పద్యములను బడిలో వల్లించి విడిచిరి. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినవారు తక్కువ. అట్లు చదివినప్పుడే ఆ మహనీయుని హృదయము మనకు తెలియునని చెప్పుటయే నా యుద్దేశము. ఆ సంగతి నాకు డెబ్బది యేండ్లు పైబడిన పిమ్మటగాని తెలియలేదు. కావున ఇది పండితుని ఉపన్యాసము కాదు. ఆలస్యముగా మేల్కొన్న యొక పాఠకుని విన్నపము.

నేను నలువది యేండ్లుగా హైదరాబాదులో అమీరుపేటకును పంజాగుట్టకును నడుమనున్న యొక వీధిలో కాపురముండువాడను. మీ యూళ్లనుండి చదువులకై బిడ్డలను పంపినవారికి ఈ రెండు పేర్లును క్రొత్తవి కావు. మైత్రీవనము చుట్టునుగల శిక్షణాలయములలో కంప్యూటరు విద్య నేర్చుటకును, ఉద్యోగ పరీక్షలకు సిద్ధమగుటకును వేలకొలది యువతీయువకులు వచ్చి ఇరుకు గదులలో బసచేయుదురు. 2017లో మెట్రో రైలు వచ్చినది మొదలు అమీరుపేట రెండు మార్గములు కలియు కూడలి యైనది. సాయంకాలము పంజాగుట్ట వఱకు నడచి మరలి వచ్చుట నాకు అలవాటు. దారిలో టీ దుకాణముల ముందు నిలిచిన ఆ పిల్లల మాటలు చెవిని పడుచుండును. శ్రీకాకుళపు కుఱ్ఱవాడు "ఎల్తన్నాను" అనును. పాలమూరు పిల్ల "పోతున్న" అనును. కడపవాడు "పోతాండా" అనును. పోవు చోటు ఒక్కటే, తెలుగు ఒక్కటే. కాని నోరు నోరునకు దాని రుచి వేఱు. ఇంతమంది తెలుగువారి పలుకులు ఇంత దగ్గఱగా వినబడు చోటు మఱియొకటి నేనెఱుగను.

ఆ మాటల సంతలో తిరిగి వచ్చి, ఇంట దీపము వెలిగించి, నేను తెఱచు పుస్తకము "గురుజాడలు". 2012లో, అప్పారావుగారి నూటయేబదవ జయంతి సంవత్సరమున, ఆయన పద్యములు, నాటకములు, కథలు, లేఖలు మొదలగు వానినన్నిటిని ఒక్కచోట చేర్చి మనసు ఫౌండేషనువారు వెలువరించిన గొప్ప సంపుటమది. వీధిలో వినిన దానికిని పుస్తకములో చదువుదానికిని నడుమ గోడ లేదని నాకు తోచుచుండును. మన సారస్వతమున ఆ గోడను మొదట పడగొట్టిన వారిలో అప్పారావుగారు ముఖ్యులు.

వారి జీవితమును రెండు మాటలలో చెప్పెదను. 1862వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్టణ మండలమున ఎలమంచిలి ప్రాంతపు రాయవరములో, మేనమామగారింట జన్మించిరి. చదువు చీపురుపల్లిలోను విజయనగరములోను సాగెను. విజయనగరము మహారాజావారి కళాశాలలో బోధకులై, ఆనందగజపతి మహారాజుగారి ఆదరమునకు పాత్రులైరి. ఆరోగ్యము మొదటినుండియు అంతంతమాత్రమే. 1915 నవంబరు 30వ తేదీన, యేబదిమూడేండ్లకే, కాలధర్మము నొందిరి. వ్రాసినది రాశిలో పెద్దది కాదు. పూర్తియైన పెద్ద నాటకము ఒక్కటి, కొండుభట్టీయము, బిల్హణీయము అను రెండు అసంపూర్ణములు, కొన్ని గేయములు, నాలుగైదు కథలు. అయినను మన సాహిత్యపు బండి ఆ చోట మలుపు తిరిగినది.

కన్యాశుల్కము పుట్టుక మీకు తెలియదగినది. ఆనందగజపతి మహారాజుగారు విశాఖమండలమున బ్రాహ్మణ కుటుంబములలో జరుగు శుల్కవివాహములకు ఒక పట్టిక తయారుచేయించిరి. ఆ పట్టిక సంగతిని 1897 నాటి తొలికూర్పు పీఠికలో అప్పారావుగారే చెప్పిరి. మూడేండ్లలో లెక్కకు వచ్చిన పెండ్లిండ్లు 1034. పెండ్లికూతుండ్రలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయల వఱకు! సంతలో పెయ్యను కొన్నట్లు పసిబిడ్డను కొనుచుండిరి. పెయ్యను కొనువాడైనను దానిని మేపగలనా అని ఆలోచించును. ఇచ్చట కొనువాడు కాటికి కాళ్లు చాచినవాడు.

ఈ పట్టికను చేతబట్టుకొని మఱియొకడైనచో కన్నీటి నాటకమునో, తిట్ల వ్యాసమునో వ్రాసియుండును. అప్పారావుగారు నవ్వు నాటకము వ్రాసిరి. 1892లో విజయనగరమున అది తొలిసారి ప్రదర్శింపబడెను. 1909లో చాల పెంచి, మార్చి, రెండవ కూర్పు వెలువరించిరి. నేడు మనము చదువునది అదియే. ఆ కాలముననే నార్వే దేశమున ఇబ్సెను అను నాటకకర్త, తొలుత పద్యనాటకములు వ్రాసినవాడు, వానిని విడిచి నాలుగు గోడల నడుమ జరుగు సంసారపు సంగతులను సామాన్యమైన వచనములో నాటకములుగా వ్రాయుచుండెను. ఐరోపా యందు కలవరము పుట్టించిన ఆయన "బొమ్మరిల్లు" 1879 నాటిది. లోకము ఆ కొసను ఈ కొసను ఒకే కాలమున ఇంటి తలుపులు తెఱచి లోపలికి చూడసాగినదన్నమాట.

కథ మీకు జ్ఞప్తికి తెచ్చెదను. కృష్ణరాయపురపు అగ్రహారమున అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను శుల్కమునకిచ్చి వితంతువును చేసికొన్నవాడు. చిన్నకూతురు సుబ్బిని గూడ ముదుసలి లుబ్ధావధానులకు అమ్మజూచును. తల్లి వెంకమ్మ ఆ వార్త విని నూతిలో బడును. ఆమె తమ్ముడు కరటకశాస్త్రి ఈ పెండ్లిని చెఱచుటకై తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు కట్టబెట్టును. అటుపై చిక్కుమీద చిక్కు. గిరీశము అను యువకుడు నోట సంఘసంస్కరణమును, కడుపులో స్వార్థమును పెట్టుకొని తిరుగుచుండును. చివరకు హత్యానేరము పాలగుచున్న లుబ్ధావధానులను కాపాడునది ఎవరు? వేదము చదివినవాడు కాదు, ఇంగ్లీషు చదివినవాడు కాదు. మధురవాణి యను వేశ్య.

ఈ నాటకమున ఒక్కొక్కరి నాలుక ఒక్కొక్క విధముగా ఆడును. అవధానులవారి కోపము ఒక భాష. గిరీశము ఇంగ్లీషు కలిపిన డాంబికము ఒక భాష. పూటకూళ్లమ్మ నోటి దురుసు ఒక భాష. నౌకరు అసిరిగాని పలుకు మఱియొక భాష. పేర్లు చెఱిపివేసి చదివినను ఎవరు మాటలాడుచున్నారో తెలియును. అమీరుపేట టీ దుకాణము ముందు కన్నులు మూసికొని నిలిచినను ఎవ్వరే మండలమువారో నాకు తెలిసినట్లు!

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పెదను. చెప్పవలెనా, మానవలెనా యని చాలకాలము ఆలోచించితిని. మాది విశాఖ మండలమున ఒక పల్లె. నాకు పదుమూడేండ్లప్పుడు, 1957లో, మా యూరి పడుచువారు కన్యాశుల్కములోని రెండవ అంకమును రచ్చచావడి ముందు ఆడిరి. నేను అగ్నిహోత్రావధానుల కొడుకు వెంకటేశము వేషము కట్టితిని. ఊరంతయు పొట్టలు పట్టుకొని నవ్వెను. మా తాతగారి చెల్లెలు ఒకామె మా యింటనే యుండెడిది; ఇంటిల్లిపాదియు ఆమెను చిట్టత్త యనెడివారము. ఏడవయేట యేబది దాటిన వానికిచ్చిరి. పదునొకండవయేట తల బోడియైనది. అటుపిమ్మట ఆమె లోకము మా వంటయిల్లు. ఆ రాత్రి ఆమె జనముతో కూర్చుండక ఎదుటి యింటి తలుపు చాటున నిలిచి నాటకము విన్నది.

మఱునాడు నాకు అన్నము వడ్డించుచు మెల్లగా అడిగినది: "ఒరే అబ్బీ, ఆ పిల్ల తల్లిని నూతిలోంచి తీశారా?"

నేను నవ్వి, "అది నాటకమే చిట్టత్తా, నిజంగా ఎవరూ పడలేదు" అంటిని.

"పడలేదూ? సరే, పోనీలే" అని ఆమె లోపలికి పోయినది.

ఆ తల్లి కొడుకు వేషము వేసినవాడను నేను. ఊరంతయు నవ్వుచుండగా ఆమెను నూతిలోనుండి తీసిరా యని అడుగవలెనన్న తలంపు నాకు కలుగలేదు. చూచిన మూడువందల మందిలో ఎవరికిని కలుగలేదు. ఒక్క చిట్టత్తకు కలిగినది. తన తల్లి ఆనాడు ఏ నూతి గట్టున నిలిచినదో ఆమెకు మాత్రమే తెలిసియుండును.

మఱియొక మాట కూడ చెప్పిననే ఇది పూర్తియగును. చిట్టత్తకు వచ్చిన సొమ్ముతో మా ముత్తాతగారు తాకట్టులోనున్న రెండెకరముల మాగాణిని విడిపించిరి. ఆ పొలము పంటతోనే మా తండ్రిగారు చదివిరి, నేనును చదివితిని. ఆ చదువుతోనే నేను హైదరాబాదు చేరి, ఈ పుస్తకము కొని, ఈ ప్రసంగము వ్రాయగలిగితిని. ఎవరిని నిందింపను? మా ముత్తాతగారు దుర్మార్గులు కారని ఊరు చెప్పుకొనెడిది. అగ్నిహోత్రావధానులును తన దృష్టిలో దుర్మార్గుడు కాడు. అందఱును చేయుపనియే చేయుచున్నానని ఆయన నమ్మకము. అప్పారావుగారు చూపిన భయంకరమైన సత్యమిదియే.

ఇక పద్యములకు వత్తము. 1910లో తోకచుక్క కనబడినప్పుడు జనులు అరిష్టమని బెదరిరి. అప్పారావుగారు దానిని శుభసూచనగా ఎంచి, క్రొత్త నడకలో గేయము వ్రాసిరి. మూడును నాలుగును చేర్చి ఏడేసి మాత్రలుగా సాగు ఆ నడకకు ముత్యాల సరమని పేరు. ఉత్పలమాలయు చంపకమాలయు ఏనుగు అంబారీలవంటివి. వానిపై రాజు ఊరేగవలెను. ముత్యాల సరము కాలినడక వంటిది. కూలివాడును నడువగలడు, పసిబిడ్డయు నడువగలదు. ఆ నడకలో ఆయన లవణరాజు కథ చెప్పి కులభేదమును ప్రశ్నించిరి. దేశభక్తిని గూర్చి చెప్పుచు, దేశమనగా నేలకాదు, జనులని తేల్చిరి. కన్యక కథలో, నడివీధిని కోమటి బిడ్డను బలిమిని పట్టజూచిన రాజును, అగ్నిలో దుమికిన ఆ బిడ్డను, చూచుచు నిలిచిన జనమును మన కన్నులకు కట్టించిరి.

వీనియన్నిటిలో నన్ను కదలించినది పూర్ణమ్మ కథ. ఇది ముత్యాల సరము కన్న వేఱైన నడక, మన యాడువారి పాటల బాణికి దగ్గఱ. కవి తన కథను ఆడువారిని పిలిచియే మొదలుపెట్టును. పూజారి ఇంట బంగారుబొమ్మవంటి పిల్ల. అన్నదమ్ముల నడుమ పెరిగినది. దుర్గగుడికి పూవులు కోయుట ఆమె పని. తండ్రి ధనమునకాశపడి ముదుసలికి ముడిపెట్టెను. తోడి పిల్లలు "తాతా నీ మగడు?" అన్నట్లు ఎగతాళి చేసిరి. మగడు తీసికొనిపోవ వచ్చిననాడు పూర్ణమ్మ ముస్తాబై, పెద్దలకు మ్రొక్కి, అన్నదమ్ములకు చివరి మాటలు చెప్పును. ఆ మాటలలో తండ్రిని దూఱుట లేదు. నన్ను తలచుకొనుడు, మీకు పుట్టు బిడ్డకు నా పేరు పెట్టుడు, అని మాత్రమే. పిమ్మట పూవులు తీసికొని దుర్గను కొలుచుటకు పోవును. సంజవేళకు అందఱును ఇండ్లు చేరుదురు, పూర్ణమ్మ చేరదు.

కవి ఇంతకు మించి చెప్పడు. చెఱువని, చావని బల్లగ్రుద్దడు. మనము అడుగవలసిన ప్రశ్నను మనకు విడిచిపెట్టును.

ఈ గేయమును నేను చిన్ననాటనుండి ఎఱుగుదును. కాని అమీరుపేటలో ఒక రాత్రి ఆ పెద్ద సంపుటమున నాటకమును ముగించి, పుటలు త్రిప్పి, వెంటనే పూర్ణమ్మను చదివితిని. అప్పుడు చిట్టత్త ప్రశ్న అఱువది యేండ్లు దాటివచ్చి నా చెవిని మ్రోగినది. నాటకమున సుబ్బి తప్పించుకొన్నది. మేనమామ యుక్తి ఆమెను కాపాడినది. మేనమామ లేని సుబ్బి పేరు పూర్ణమ్మ. పట్టికలోని వేయిన్ని ముప్పదినలుగురికిని కరటకశాస్త్రులు దొరకరు గదా! కన్యాశుల్కము నవ్వించి మన మూఢత్వమును చూపును. పూర్ణమ్మ ఆ మూఢత్వమునకు ఎవరు మూల్యము చెల్లించిరో చూపును. ఒకటి జమ, ఒకటి ఖర్చు. రెండు పద్దులును చూడనివాడు లెక్క చూచినవాడు కాడు.

ఈ సంబంధమును చలనచిత్రమువారును గుర్తించిరి. 1955లో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున కన్యాశుల్కము చిత్రము వచ్చెను. నందమూరి తారకరామారావుగారు గిరీశముగను, సావిత్రిగారు మధురవాణిగను నటించిరి. ఆ చిత్రములో పూర్ణమ్మ గేయమును ఆటపాటగా ఇమిడ్చిరి. నవ్వు నడుమ ఆ పాట వచ్చినప్పుడు ప్రదర్శనశాల నిశ్శబ్దమగుట నేను కన్నులార చూచితిని.

పెద్దలు కొందఱు చేయు ఆక్షేపణలును నాకు తెలియును. వేశ్యను ఉత్తమురాలిగా చూపవచ్చునా యని ఒకటి. అప్పారావుగారు వృత్తిని పొగడలేదు. పెద్దమనుష్యులని పేరుపడినవారికంటె ఆమెకు నీతి ఎక్కువయని చూపి, ఆ పెద్దమనుష్యులను సిగ్గుపఱచిరి. వేదపండితులను హేళనచేసెనని రెండవది. ఆయన హేళన చేసినది వేదమును కాదు; వేదమును నోటనుంచుకొని కూతును అమ్మువానిని. ఇంగ్లీషు చదివిన గిరీశమును అంతకంటె ఎక్కువగానే ఉతికిరి. గ్రామ్యభాషలో వ్రాసెనని మూడవది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమువారికి ఆయన తమ అసమ్మతి పత్రమును సమర్పించి, ప్రజలు మాటలాడు భాషయే చదువుల భాష కావలెనని వాదించిరి. ఈ ప్రసంగమును నేను గ్రంథభాషలోనే చదువుచున్నాను. అలవాటు విడువలేని ముసలితనము నాది. కాని చిట్టత్త అడిగిన ప్రశ్నను మాత్రము గ్రంథభాషలోనికి మార్చలేకపోతిని; మార్చిన దాని ప్రాణము పోవును. అప్పారావుగారి వాదమునకు నా యొద్దనున్న సాక్ష్యమిదియే.

ఒక లోపమును మాత్రము ఒప్పుకొనవలెను. నాటకము చాల పొడవైనది. మొత్తమును ఒక్క రాత్రిలో ఆడుట కష్టము. గిరీశము మాటల చమత్కారమునకు మురిసిపోయి, అతడు బుచ్చమ్మకు చేయదలచిన మోసమును ప్రేక్షకుడు మఱచు ప్రమాదమును కలదు. అందుకే పద్యములు తోడు కావలెనని నా మనవి.

"ఇప్పుడు కన్యాశుల్కము లేదు గదా, ఈ గోల యేల?" అని అడుగువారున్నారు. 1929లో బాల్యవివాహ నిరోధ శాసనము వచ్చెను. 1978లో ఆడుపిల్ల పెండ్లి వయస్సు పదునెనిమిదికి పెరిగెను. కన్యకు ఇచ్చు శుల్కము పోయి, వరునకిచ్చు శుల్కము వచ్చెను. కాళ్లకూరి నారాయణరావుగారు ఆ దురాచారముపై "వరవిక్రయము" నాటకము వ్రాసిరి. 1961లో కట్ననిషేధ శాసనము వచ్చెను. శాసనము కాగితముపై నున్నది. కట్నము పందిటిలో నున్నది. సొమ్ము పోవు దిక్కు మాఱినది గాని బేరము మానలేదు. బేరమున్నంతకాలము ఈ పుస్తకము పాతబడదు.

అయినను నేను నిరాశతో ముగింపను. సాయంకాలము మెట్రో మెట్లు దిగి, భుజమున పుస్తకముల సంచి వేసికొని, బిగ్గఱగా నవ్వుచు పోవు ఆడుపిల్లలను అమీరుపేటలో ప్రతిదినము చూచుచున్నాను. చిట్టత్త తల బోడియైన వయస్సునకు ఈ పిల్లలు బడిలో నుండిరి. వీరిని ఇంత దూరము పంపిన తల్లిదండ్రులు మీవంటివారే. పొలము కుదువబెట్టి పంపినవారును ఉందురు. మా యింట ఆడుబిడ్డను ఇచ్చి పొలము విడిపించిరి. మీరు పొలమిచ్చి ఆడుబిడ్డను చదివించుచున్నారు. ఈ ఒక్క మార్పును చూచుటకు అప్పారావుగారు జీవించియుండిన ఎంత సంతోషించియుందురో!

నా కోరిక ఒక్కటే. మీ యూరి గ్రంథాలయమున ఈ రెండు పుస్తకములు దొరకును. లేనిచో తెప్పింపుడు, వెల స్వల్పము. ఒక సాయంకాలము నాటకములోని రెండవ అంకమును నలుగురు నాలుగు పాత్రలుగా పంచుకొని బిగ్గఱగా చదువుడు, కడుపార నవ్వుడు. మఱునాటి సాయంకాలము ఇంటి యాడువారిని తలుపు చాటునుండి ముందునకు పిలిచి, ఎవరిచేతనైనను పూర్ణమ్మను పాడింపుడు. పాట ముగిసిన పిమ్మట వారేమి అడుగుదురో వినుడు. నావలె నవ్వి, "అది నాటకమే" యని మాత్రము అనకుడు.